పడుగు ఆరకముందే వచ్చిన బస్సు

నేను ఏం పని చేస్తానని ఎవరైనా అడిగితే ఒక్క ముక్కలో చెప్పేస్తాను: బస్సులో ఎంతమంది ఎక్కారో లెక్కపెడతాను. వినగానే చాలామంది నవ్వుతారు. కండక్టర్ ఉండగా ఇంకో మనిషి ఎందుకని మా అత్తగారు పెళ్లయిన కొత్తలో అడిగింది, ఇప్పటికీ అడుగుతూనే ఉంది. కండక్టర్ ఎక్కినవాళ్లను లెక్కపెడతాడు. ఎక్కాల్సి ఉండీ ఎక్కలేనివాళ్లను పట్టుకోవడం నా పని. ఈ మాట ఇప్పుడు ఇంత ధీమాగా చెబుతున్నాను గానీ, దీన్ని నేర్చుకున్నది మా ఊళ్లోనే, అదీ నా పరువు కొంత పోగొట్టుకున్నాకే.

మా ఊరు చిట్యాలకు బాగా లోపలగా ఉంటుంది. హైదరాబాద్ నుంచి విజయవాడ పోయే పెద్దరోడ్డు మీద బస్సులకు కొదవలేదు. కానీ ఆ రోడ్డు చేరాలంటే నేతపనివాళ్లుండే మా సాలెవాడ నుంచి నాలుగు కిలోమీటర్లు నడవాలి, లేదంటే ఆటో మాట్లాడుకోవాలి. ఆడవాళ్లకు బస్సులో టికెట్ పైసలు లేవన్నాక ఊరూరా సంబరపడ్డారు. మా వాడ ఆడవాళ్లు మాత్రం టికెట్ లేకపోతే ఏం చేసుకుంటాం, బస్సే లేకపాయె అని నవ్వుకున్నారు.

అటువంటి సమయంలో మా దిక్కు ఒక బస్సు వేశారు. పొద్దున్నే చివరి ఊరి నుంచి బయలుదేరి, నాలుగైదు ఊళ్లు తిరిగి, దారి మళ్లి మా వాడ మొగదాకా వచ్చి, మళ్లీ వెనక్కి పోయి పెద్దరోడ్డెక్కి నల్లగొండ చేరుతుంది. బండి లేనివాళ్లు, ముసలివాళ్లు, రోగాలవాళ్లు జిల్లా దవాఖానకు, ఆఫీసులకు, పిల్లలు కాలేజీకి పోవడానికని వేసిన బస్సు. కొన్నాళ్లు నడిపి చూస్తారు, పనికొస్తే ఉంచుతారు, లేకపోతే తీసేస్తారు. పనికొచ్చిందో లేదో తేల్చే పని హైదరాబాద్‌లో ఒక చిన్న ఆఫీసుకు అప్పజెప్పారు. ఆ ఆఫీసుకు ఊళ్లు తిరిగే మనిషిని నేనే.

అప్పటికి ఆ పనిలో నాకు మంచి పేరుంది. అంతకుముందు మక్తల్ దిక్కు ఒక బస్సు కిటకిటలాడుతోందని ఎవరో లెక్క తెచ్చారు. కాగితం చూడగానే ఇది సంత రోజు లెక్క అని చెప్పాను. పోయి చూస్తే నిజమే. మిగతా రోజుల్లో ఆ బస్సులో డ్రైవరు, కండక్టరు ముచ్చట్లు చెప్పుకుంటూ పోతున్నారు. ఆ రోజు నుంచి మా సారు నా కాగితాన్ని రెండోసారి చూడడం మానేశాడు. నేనూ చూడడం మానేశాను. అసలు తప్పు అక్కడే జరిగింది.

మా ఊరి లెక్క కూడా నాకే ఇచ్చారు. తల్లిగారింట్లో ఉండి, అమ్మ చేతి జొన్నరొట్టె తింటూ చేసే పని దొరికితే ఎవరు కాదంటారు? రెండు వారాలు అక్కడే ఉన్నాను. రోజూ ఆరున్నరకు లేచి, తయారై, అట్ట, పెన్ను పట్టుకుని వాడ మొగన ఉన్న స్టాపు దగ్గర నిలబడేదాన్ని. ఏడు గంటలకల్లా బస్సు వచ్చేది. డ్రైవరు హారన్ కొట్టేవాడు. రెండు నిమిషాలు ఆగేవాడు. ఎవరూ ఎక్కేవారు కాదు. ఒక రోజు ఎవరో చుట్టపు చూపుకు వచ్చిన ముసలాయన ఎక్కాడు, అంతే. మిగతా రోజులన్నీ నా కాగితంలో సున్నాలు.

నాకు కోపం వచ్చింది. బస్సు లేదని నా చిన్నప్పటి నుంచి ఏడుస్తున్న జనం, బస్సు గడపలోకి వస్తే ఎక్కరేమిటి? చివరి రోజు కాగితం కింద నా సొంత మాట కూడా రాశాను: ఈ వాడకు బస్సు అవసరం లేనట్టుంది. రాసి, సంతకం పెట్టి, సారుకు ఇచ్చాను. సారు సంతోషపడ్డాడు. వాడదాకా వచ్చిపోయే దారి తీసేస్తే బస్సుకు ఇరవై నిమిషాలు కలిసొస్తాయి, కాలేజీ పిల్లలు ఇంకా తొందరగా చేరతారు అన్నాడు. లెక్క సరిగ్గా ఉంది, దాన్ని కాదనడానికి ఏమీ కనిపించలేదు.

తర్వాతి ఆదివారం అమ్మను చూడడానికి ఊరికి పోయాను. పక్కింటి పెద్దమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. పెద్దమ్మ మాకు చుట్టం కాదు, గోడ పక్క గోడ కాబట్టి పెద్దమ్మ అయింది. నేను పుట్టినప్పుడు నాకు మొదటి స్నానం పోసింది ఆమేనట. పెనిమిటి పోయి చాలా ఏళ్లయింది, ఒక్కడే కొడుకు, ఇంట్లో ఒక మగ్గం. కిడ్నీలు పాడై రెండేళ్లుగా నల్లగొండ దవాఖానలో డయాలసిస్ చేయించుకుంటోంది. సూదులు గుచ్చే ఎడమ చేతిని ఒళ్లో పసిపిల్లలాగా పెట్టుకుని కూర్చుంటుంది. ఆ రోజు ఆమె కాళ్లు వాచి ఉన్నాయి. మాట మాటకూ ఊపిరి తీసుకుంటోంది.

"బస్సు ఉంటదా బిడ్డా?" అని అడిగింది.

"ఎట్లుంటది పెద్దమ్మా? రెండు వారాలు నిలబడ్డ. మన వాడకెల్లి ఒక్కరు సుత ఎక్కలే. ఇగ ఎవలి కోసం ఉంచుతరు? నీకు దవాఖాన పనుండె గద, నువ్వన్న ఎక్కొద్దా?"

అంత కటువుగా అన్నాను. ఆమె కోపం చేసుకోలేదు. వాచిన కాలు ఒకటి చేత్తో ఎత్తి అరుగు మీద సర్దుకుంది.

"నేను ఒక్కదాన్ని పోయొచ్చేటట్టున్ననా? సూదులు పీకినంక కండ్లు తిరుగుతయ్. కొడుకు ఎంబడుండాలె. ఏడు గంటలకు వాడు ఏడుంటడు బిడ్డా?"

"పడుగు కాడ," అన్నాను, ఆలోచించకుండానే.

అని ఆగిపోయాను.

పడుగంటే చీరకు నిలువు పోగులు. మగ్గం మీదికి ఎక్కించే ముందు దాన్ని వాడ పొడుగునా సాగదీసి, గంజి పట్టించి, కుంచెతో దువ్వి ఆరబెట్టాలి. ఎండ ముదిరినా గాలి లేచినా పోగులు తెగుతాయి కాబట్టి తెల్లవారగానే మొదలుపెడతారు. ఒక్క ఇంటివాళ్ల వల్ల అయ్యే పని కాదు. ఈ కొసకు ఇద్దరు, ఆ కొసకు ఇద్దరు కట్టె పట్టి లాగేవాళ్లు, కుంచె పట్టేవాళ్లు, తెగిన పోగు అతికేవాళ్లు, అందరూ ఉండాలి. ఈ రోజు నీ పడుగుకు నేనొస్తే, రేపు నా పడుగుకు నువ్వొస్తావు. ఒకసారి గంజి పట్టాక అది ఆరేదాకా ఎవరూ కదలకూడదు. కదిలితే పోగులు అతుక్కుపోయి, నెల రోజుల కూడు మట్టిలో కలుస్తుంది. ఎనిమిదిన్నర దాటాక గానీ చేతులు ఖాళీ కావు.

ఇదంతా నాకు ఎవరో చెప్పాల్సిన సంగతి కాదు. మా బాపు మగ్గం అమ్మేసి రోడ్డు పక్క కంపెనీలో వాచ్‌మన్‌గా చేరేదాకా నేనూ ఆ పడుగుల కిందే పెరిగాను. ఆ రెండు వారాలూ రోజూ ఇంట్లోంచి బయటికి వచ్చి, చీర కొంగు తగలకుండా ఒడిసి పట్టుకుని, సాగదీసిన పడుగు పక్క నుంచి జాగ్రత్తగా నడిచి స్టాపుకు పోయాను. పోయి వాడకు వీపు పెట్టి, రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాను. పుట్టినప్పటి నుంచి చూస్తున్నది కాబట్టి అది నా కంటికి ఆనలేదు. కొత్త మనిషి ఎవరొచ్చినా మొదటి రోజే అడిగి ఉండేవాడు, ఇంతమంది ఇక్కడ ఉండగా బస్సు దగ్గర ఎవరూ లేరేమని. దీపం కింద చీకటి అంటారు, ఆ చీకట్లో నేను రెండు వారాలు నిలబడ్డాను.

"నీ ఎనుకనే ఉన్నం బిడ్డా," అంది పెద్దమ్మ. "నువ్వు తిరిగి సూడకపోతివి. మీ అమ్మ మాకు చాయ్ పోసినంకనే నీకు తెచ్చిస్తుండె."

అదీ నిజమే. పడుగు పట్టుకున్నవాళ్ల నోటికి గ్లాసులు అందించి, చివరి గ్లాసు అమ్మ నా దగ్గరికి తెచ్చేది. ఒక చేత్తో ఆ చాయ్ తాగుతూ ఇంకో చేత్తో సున్నా వేశాను. సిగ్గుతో నా ముఖం మండిపోయింది.

"వారంల మూడుసార్లు పొమ్మన్నరు డాక్టర్లు," అంది పెద్దమ్మ. "మంగళారం, గురువారం ఆటోల పోతున్న. శనివారం ఆటో ఆయనకు వేరే కిరాయి ఉంటది. శనివారం పోతలేను. గందుకే ఐతారం నాటికి గిట్ల దమ్మొస్తది. గంతే, ఫికర్ చెయ్యకు."

ఫికర్ చెయ్యకు అని ఆమె నాకు చెప్పింది. ఆమె కాళ్లు చూస్తూ ఎట్లా ఫికర్ చెయ్యకుండా ఉంటాను? ఇట్లా శనివారాలు తప్పుతూ పోతే ఏమవుతుందో డాక్టర్లు కొడుకుకు చెప్పారట. అతను మా అమ్మతో చెప్పుకుని ఏడ్చాడట. ఆమె శనివారానికి, ఆ బస్సుకు మధ్య నా సున్నాలు ఉన్నాయి.

సోమవారం ఆఫీసుకు పోయి సారుతో "నా కాగితం తప్పు సార్" అన్నాను. నా ఉద్యోగంలో అంతకంటే కష్టమైన మాట అంతవరకు అనలేదు.

సారు మంచివాడే. ఊళ్ల ప్రణాళికల మీద పెద్ద చదువు చదివినవాడు. కానీ కాగితం మీద పడిన అంకె ఆయనకు రాతి మీద చెక్కినట్టే. "ఏడు గంటలకు బస్సు వచ్చిందా లేదా? వచ్చింది. ఎక్కారా? ఎక్కలేదు. ఇందులో తప్పెక్కడుంది?" అన్నాడు. నేను పడుగు గురించి చెప్పాను. ఆయన విన్నాడు, తలాడించాడు, చివరికి నవ్వుతూ "వాళ్లే అడగడం లేదు, కందకు లేని దురద కత్తిపీటకెందుకమ్మా?" అన్నాడు.

అక్కడ నాకు తిక్కరేగింది. "లెక్క కాగితాల మీద ఉన్నది నా సంతకం సార్. మీరు ఒక్క రోజు మా ఊరికి రాకపోతే ఆ సంతకం వెనక్కి తీసుకుంటున్నానని రాసిస్తాను," అన్నాను. సంతకం లేకపోతే ఆ లెక్క చెల్లదు. ఆయన నా ముఖం చూసి, ఇది అన్నంత పని చేసే రకమని అనుకున్నట్టున్నాడు. బుధవారం వస్తానన్నాడు.

వచ్చాడు. ఆరున్నరకే వచ్చాడు. వాడలోకి కారు పోనిస్తే అడ్డంగా పడుగు. డ్రైవరు హారన్ కొట్టబోతే నేనే ఆపించాను. సారు దిగి, నలగని తెల్లచొక్కాతో వచ్చి పడుగు పక్కన నిలబడ్డాడు. ఆ రోజు ఒక మనిషి జ్వరంతో రాలేదు. ఒక కొస దగ్గర చెయ్యి తక్కువైంది. పెద్దమ్మ తెగిన పోగులు అతికే దగ్గర చిన్న పీట మీద కూర్చుని ఉంది. బలం తక్కువైనా ఆమె వేళ్లకు ఇప్పటికీ వాడలో సాటి లేదు. సారును ఎగాదిగా చూసింది.

"సారూ, జర గీ కట్టె పట్టుకోండ్రి," అంది.

ఫొటో కోసమేమో అనుకుని ఆయన నవ్వుతూ పట్టుకున్నాడు. అవతల గంజి కుంచె పడింది. ఐదు నిమిషాలకు "ఇక వదలొచ్చా అమ్మా?" అని అడిగాడు.

"ఆరినంక ఇడుద్దురు."

"ఎంతసేపట్లో ఆరుతుంది?"

"ఎండ మన చేతుల లేదు గద సారూ," అంది పెద్దమ్మ, పోగు మీది నుంచి కళ్లెత్తకుండా.

ఆయన ప్యాంటు జేబులో ఫోను మోగింది. మోగి మోగి ఆగింది. మళ్లీ మోగింది. రెండు చేతులూ కట్టె మీద ఉన్నాయి. వాడ వాడంతా ముసిముసిగా నవ్వుతోంది. నేను మాత్రం నవ్వలేదని చెబితే అబద్ధమవుతుంది. సరిగ్గా ఏడింటికి వెనకాల బస్సు వచ్చి ఆగింది. హారన్ కొట్టింది. సారు మెడ తిప్పి భుజం మీదుగా చూశాడు. బస్సు రెండు నిమిషాలు ఆగింది, వెళ్లిపోయింది. ఆయన మళ్లీ పడుగు వైపు తిరిగాడు. ఆ తర్వాత వదలొచ్చా అని అడగలేదు.

ఎనిమిదిన్నరకు చేతులు విడిపించుకుని, అరచేతుల మీది గీతలు చూసుకుంటూ అమ్మ ఇచ్చిన చాయ్ తాగాడు. "రోజూ ఇంతేనా?" అన్నాడు.

"వాడల గిన్ని మగ్గాలున్నయ్ సారూ," అన్నాడు పెద్దమ్మ కొడుకు. "రోజు ఎవలిదో ఒకలి పడుగు ఉంటనే ఉంటది."

సారు రిపోర్టు ఆపించాడు. నాకు ఇంకో పదిహేను రోజులు గడువిచ్చాడు. ఈసారి నేను స్టాపు దగ్గర నిలబడలేదు. జిల్లా దవాఖానలో జనం కూర్చునే చోట బెంచీ మీద కూర్చున్నాను. అడిగే మాట కూడా మార్చాను. అడిగేవాడికి చెప్పేవాడు లోకువ కదా, అందుకని ముందు నా సంగతి చెప్పుకున్నాను: ఇట్లా ఒక తప్పు చేశానమ్మా, దిద్దుకోవడానికి వచ్చాను అని. ఆ మాట వినగానే జనం నోరు విప్పారు. బస్సు బాగుందా అని అడగలేదు. పోయిన వారం ఎన్నిసార్లు రావాల్సి ఉండె, ఎన్నిసార్లు వచ్చారు, రాని రోజు ఎందుకు రాలేదు అని అడిగాను. రాని రోజుల గురించి అంతకుముందు వాళ్లను ఎవరూ అడగలేదట. ఒకామె నా చెయ్యి పట్టుకుని తను తప్పిన రోజులన్నీ వరసగా చెప్పింది, ఏ రోజు ఎవరికి జ్వరమో, ఏ రోజు ఎవరి పెళ్లో దానితో సహా.

బస్సును తొమ్మిదికి మార్చేద్దాం అంటే అయిపోతుందని మొదట అనుకున్నాను. బస్సు మాకంటే ముందు తిరిగే కింది ఊళ్లలో కాలేజీ ఆడపిల్లలు నన్ను చుట్టుముట్టారు. "అక్కా, మాకు తొమ్మిదికి క్లాసు. మీ వాడ కోసం మమ్మల్ని ఇంట్ల కూసోబెడ్తవా?" అని ఒకమ్మాయి కొట్లాటకే వచ్చింది. వాళ్ల మాట న్యాయమే. ఒకరి నోటి దగ్గరిది గుంజి ఇంకొకరికి పెట్టడం సాయం అనిపించుకోదు. డిపోకు పోయి బస్సు రోజంతా ఎక్కడెక్కడ తిరుగుతుందో రాయించుకుంటే దారి దొరికింది. పొద్దుటి బస్సు నల్లగొండ చేరాక ఖాళీగా పెద్దరోడ్డు మీద వెనక్కి వచ్చి, కింది ఊళ్ల నుంచి రెండో ట్రిప్పు మొదలుపెడుతుంది. మొదటి ట్రిప్పు మా వాడకు రాకుండా నేరుగా పోనీ, పిల్లలు తొందరగా చేరతారు. వాడదాకా వచ్చే దారి రెండో ట్రిప్పుకు కలపాలి. తొమ్మిదింపావుకు ఎక్కితే పదిన్నరలోపు దవాఖాన, మధ్యాహ్నం డయాలసిస్ పాళీకి సరిపోతుంది. కొత్త బస్సు అక్కర్లేదు, కొత్త డ్రైవరు అక్కర్లేదు. ఈసారి నా కాగితాన్ని సారు రెండుసార్లు చదివాడు, నేను మూడుసార్లు చదివాను.

ఒప్పుకున్నారు. మొదలుపెట్టే రోజు శనివారం వచ్చింది.

శుక్రవారమే ఊరు చేరాను. అట్ట, కొత్త కాగితం, రెండు పెన్నులు సిద్ధం చేసుకున్నాను. మొదటి రోజు లెక్క సాయంత్రానికల్లా పంపమని సారు చెప్పాడు. తెల్లారి చూస్తే ఆకాశమంతా మబ్బు. పడుగు మాత్రం ఆగదు, సాగదీశారు. గంజి పట్టింది. ఎనిమిదిన్నరయింది, ఆరలేదు. తొమ్మిదయింది, ముట్టుకుంటే ఇంకా తడి. పెద్దమ్మ ఉతికిన చీర కట్టుకుని, దవాఖాన కాగితాల సంచి పట్టుకుని అరుగు మీద కూర్చుంది. ఆమె కొడుకు కొస దగ్గర కట్టె పట్టుకుని ఉన్నాడు. తల్లి వైపు చూస్తున్నాడు, మబ్బు వైపు చూస్తున్నాడు.

"ఇయ్యాల కాదుతీయ్ బిడ్డా," అంది పెద్దమ్మ. "మంగళారం పోదాం."

దూరంగా హారన్ వినిపించింది. అతను కట్టె వదిలితే పక్కింటివాళ్ల పడుగు పాడవుతుంది. వదలకపోతే ఆమె మళ్లీ ఒక శనివారం తప్పుతుంది. నేను ఇంత ఆలోచించి తెచ్చిన బస్సు ఒక్క మబ్బుకు ఓడిపోతుందా అనిపించింది.

అట్ట, పెన్నులు అరుగు మీద పడేసి, కొంగు నడుముకు చెక్కుకుని పోయాను.

"ఇటియ్యి తమ్మీ, నేను పట్టుకుంట. నువ్వు అమ్మను తోల్కపో."

"నీకొస్తదా అక్కా?" అన్నాడు.

"సాలోళ్ల పిల్లనురా. మాట్లాడకుండ పో."

కట్టె చేతికొచ్చింది. బాపు నేర్పినట్టు మడమలు నేలకు తన్ని, లాగీ లాగనట్టు పట్టుకున్నాను. వీపు మళ్లీ స్టాపు వైపే ఉంది. ఈసారి తిరిగి చూడాలని ప్రాణం కొట్టుకుంది, కానీ కదలడానికి లేదు. బస్సు ఆగిన చప్పుడు విన్నాను. కండక్టర్ "మెల్లగ ఎక్కు పెద్దమ్మా, టైమున్నది" అనడం విన్నాను. ఇంకెవరివో మెట్టు మీద అడుగులు విన్నాను. ఎన్ని జతలో తెలియలేదు. విజిల్ వినిపించింది, బస్సు కదిలింది. నా కళ్లలో నీళ్లు వచ్చాయి, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

సాయంత్రం నేను అమ్మ పెట్టిన కొబ్బరినూనె చేతులకు రాసుకుంటుంటే సారు ఫోను చేశాడు.

"మొదటి రోజు ఎంతమంది ఎక్కారమ్మా?"

"తెల్వది సార్. బస్సొచ్చినప్పుడు నా చేతుల పడుగు కట్టె ఉండె."



"ఆరిందా?" అని అడిగాడు.